లెక్క సబ్‌స్టేషన్ దగ్గర మొదలు కావాలి

సౌర విద్యుత్తుకు మన దేశంలో ఏ రాష్ట్రంలో ఎంత అవకాశం ఉందో చెప్పే పట్టిక ఒకటి ఉంది. జాతీయ సౌరశక్తి సంస్థ 2014లో వేసిన లెక్క అది. దేశం మొత్తానికి దాదాపు 749 గిగావాట్లని తేల్చారు. మొదటి స్థానం రాజస్థాన్‌ది, 142 గిగావాట్లు. థార్ ఎడారి ఉన్న రాష్ట్రం కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోరు. మరి రెండో స్థానం ఎవరిదంటారు? అనంతపురం ఎండలున్న ఆంధ్రప్రదేశ్‌ది కాదు, రామగుండం ఎండలున్న తెలంగాణదీ కాదు. జమ్మూ కాశ్మీర్‌ది. దానికి 111 గిగావాట్లు. ఆంధ్రప్రదేశ్‌కు 38, తెలంగాణకు 20. కేరళకైతే ఆరే ఆరు.

మంచు కురిసే రాష్ట్రానికి ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు మూడింతలు ఎలా వచ్చిందని అడిగితే జవాబు చాలా మామూలుగా ఉంటుంది. ప్రతి రాష్ట్రంలోనూ ఉన్న బంజరు భూమిలో నూటికి మూడు వంతులు సౌర పలకలతో కప్పితే ఎంత వస్తుందన్నదే ఆ లెక్క. అప్పట్లో లద్దాఖ్ కూడా ఆ రాష్ట్రంలోనే ఉంది. అక్కడ మనుషులు తక్కువ, బంజరు అపారం. కేరళలో బంజరే లేదు, అందుకే ఆరు గిగావాట్లు. తీరా ఇప్పుడు చూస్తే ఇంటి పైకప్పుల మీద పలకలు పెట్టుకోవడంలో దేశంలో ముందు వరుసలో ఉన్న రాష్ట్రాల్లో కేరళ ఒకటి. పట్టికలో కింది వరుసల్లో కనిపించిన రాష్ట్రం ఇళ్ల మీద ముందుకొచ్చింది. ఎందుకంటే ఆ పట్టిక కొలిచింది బంజరును. ఇళ్లను కాదు, ఇళ్లలో వాడకాన్ని అంతకన్నా కాదు.

గాలి లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. భూమికి 50 మీటర్ల ఎత్తున గాలిని లెక్కవేసినప్పుడు దేశం మొత్తానికి 49 గిగావాట్లన్నారు. 80 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి అది 103 అయింది. 100 మీటర్ల దగ్గర 302, 120 మీటర్ల దగ్గర 695, 150 మీటర్ల దగ్గర 1164 గిగావాట్లు. ఆంధ్రప్రదేశ్ వాటా 100 మీటర్ల దగ్గర 44 ఉంటే, 150 మీటర్ల దగ్గర 123 అయింది. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి కొండల మీద వీచే ఆషాఢం గాలి మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. స్తంభం పొడవు పెరిగింది, రెక్క పెద్దదైంది, ఏ భూమిని లెక్కలోకి తీసుకోవాలన్న షరతులు మారాయి. దాంతో సంఖ్య ఇరవై రెట్లకు పైగా పెరిగింది.

ఈ లెక్కలు తప్పని నేను అనడం లేదు. చెన్నైలోని జాతీయ పవన విద్యుత్ సంస్థ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి స్తంభాలు పాతి గాలిని కొలిచినవాళ్లు. పెద్ద కంపెనీలు వేల ఎకరాల్లో ప్లాంటు పెట్టేటప్పుడు, కేంద్రం పదేళ్ల ప్రణాళిక వేసేటప్పుడు ఇలాంటి పటాలు కావాలి. కానీ ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది పెద్ద ప్లాంట్ల గురించి కాదు. ఊరి కరెంటులో కొంత ఊళ్లోనే పుట్టించుకోవడం గురించి. మన మండలానికి ఎంత సాధ్యం, మన గ్రామానికి ఎంత సాధ్యం అన్న ప్రశ్నకు ఆ గిగావాట్ల పట్టిక జవాబు చెప్పదు. పెళ్లి వంటవాడు శుభలేఖలు ఎన్ని అచ్చు వేయించారని అడగడు, విస్తళ్లు ఎన్ని పడతాయని అడుగుతాడు. ఊరి కరెంటుకు కావలసింది ఆ రెండో లెక్క.

ముందుగా ఎండ సంగతి చూద్దాం. మా జిల్లాలో ఎండ ఎక్కువ, మీ జిల్లాలో తక్కువ అని మనం అనుకుంటాం. పలకల దృష్టితో చూస్తే ఆ తేడా స్వల్పం. అనంతపురంలో చదరపు మీటరు నేల మీద ఏడాది సగటున రోజుకు సుమారు ఐదున్నర యూనిట్ల ఎండ పడుతుందనుకుంటే, శ్రీకాకుళం తీరాన పడేది దానికన్నా పదో వంతో, అంతకు కాస్త అటూ ఇటుగానో తక్కువ. ఒక కిలోవాటు పలకలు తెలుగు నేల మీద ఎక్కడ పెట్టినా రోజుకు సగటున నాలుగు యూనిట్లు, ఏడాదికి 1400 నుంచి 1500 యూనిట్ల దాకా ఇస్తాయి.

ఎండ మండితే కరెంటు ఎక్కువ వస్తుందనుకోవడం కూడా పొరపాటే. పలకకు కావలసింది వెలుతురు. వేడి దానికి గిట్టదు. పలక సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలిచి ముద్ర వేస్తారు. ఆ పైన ప్రతి డిగ్రీకీ నూటికి 0.4 వంతు చొప్పున తగ్గుతూ పోతుంది. రామగుండంలో మే నెల మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు వేడెక్కితే ఆరో వంతు దాకా కరెంటు అక్కడే ఆవిరి. అందుకే మన దగ్గర చాలా చోట్ల ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చినంత ఉత్పత్తి రోహిణీ కార్తెలో రాదు. ఎండకు పేరుపడ్డ జిల్లాల వాళ్లు కాస్త నొచ్చుకోవచ్చు కానీ, ఎండలో మనమందరం ఇంచుమించు సమానులమే.

మరి ప్రాంతానికీ ప్రాంతానికీ తేడా ఎక్కడ వస్తుంది? తీగలో వస్తుంది, వాడకంలో వస్తుంది. ఏ వేళకు ఎంత కరెంటు కావాలి, దాన్ని మోసే తీగ ఎంత లావు, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత పెద్దది అన్నవాటిలో వస్తుంది. ఇవన్నీ తెలిసే చోటు మన ఊరి పక్కనే ఉంటుంది. దాన్ని 33 బై 11 కేవీ సబ్‌స్టేషన్ అంటారు. దాని నుంచి నాలుగైదు 11 కేవీ ఫీడర్లు నాలుగు దిక్కులకూ పోతాయి. ఒకటి ఊళ్లకు, ఒకటి పొలాలకు, ఒకటి మిల్లులకు. ఏ ఫీడరు మీద ఏ గంటలో ఎంత లోడు పడిందో అక్కడి లాగ్ బుక్కులో గంటగంటకూ రాసి ఉంటుంది. ఊరి కరెంటు లెక్కకు ఆ పుస్తకం పంచాంగం లాంటిదని ఎవరైనా అంటే కాదనను. గిగావాట్ల పటం చూసి పథకం వేసి ఆ పుస్తకం తెరవకపోతే అది నేల విడిచి సాము చేయడమే.

ఒక వ్యవసాయ ఫీడరును తీసుకుని లెక్క వేసి చూద్దాం. మాటవరసకు దాని మీద 400 బోరు మోటార్లు ఉన్నాయనుకోండి, ఒక్కొక్కటి ఐదు హార్స్‌పవర్. ఒక మోటారుకు సుమారు నాలుగు కిలోవాట్లు కావాలి. అన్నీ ఒకేసారి తిరిగితే 1600 కిలోవాట్లు, అంటే 1.6 మెగావాట్లు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగటి పూట తొమ్మిది గంటల కరెంటు ఇస్తున్నారు. తొమ్మిది గంటలకు ఒక మోటారు 36 యూనిట్లు కాలుస్తుంది. ఏడాదిలో 120 రోజులు నిండుగా నడిచాయనుకుంటే 400 మోటార్లకూ కలిపి 17 లక్షల యూనిట్లు. ఒక మెగావాటు సౌర ప్లాంటు ఏడాదికి ఇచ్చేది దాదాపు 15 లక్షల యూనిట్లు. దానికి నాలుగైదు ఎకరాలు చాలు. అంటే సబ్‌స్టేషన్‌కు దగ్గర్లో ఐదెకరాల చవుడు నేల దొరికితే 400 మంది రైతుల ఏడాది వాడకానికి ఇంచుమించు సరిపోయే కరెంటు అక్కడే పుడుతుంది.

కాగితం మీద ఇంత తేలిగ్గా ఉంది కదా, ఇక చిక్కులు చూడండి. ప్లాంటు మధ్యాహ్నం పన్నెండుకు ముప్పాతిక మెగావాటు పైచిలుకు ఇస్తుంది, ఉదయం ఎనిమిదికి అందులో సగం కూడా ఇవ్వదు. మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉన్నాయి కాబట్టి త్రీఫేజు రాగానే అన్నీ ఒక్కసారి లేస్తాయి. 1.6 మెగావాట్లు అడుగుతాయి. కొరవ పడినది పైనుంచి రావాలి. పోనీ రైతులను ఏ గ్రూపు, బీ గ్రూపు అని విడదీసి వంతులు వేస్తే ఆ వంతులు ఎండ వేళలకు సరిపడాలి. తెల్లవారుజామున నాలుగింటికి ఇచ్చే వంతుకు సూర్యుడు బాధ్యుడు కాడు. రబీలో వరి, వేరుశనగ ఉన్న నాలుగు నెలలూ ఎండా వాడకమూ చేయీ చేయీ కలిపి నడుస్తాయి. జూలై, ఆగస్టుల్లో మబ్బు పట్టి ఉత్పత్తి తగ్గుతుంది, వానలు పడితే మోటార్లూ ఆగుతాయి, అదీ మంచిదే. నవంబరులో కోతలప్పుడు మాత్రం ఎండ నిండుగా ఉంటుంది, అడిగే మోటారు ఉండదు. ఆ మిగులు అదే సబ్‌స్టేషన్‌లోని ఊరి ఫీడరుకు, మిల్లు ఫీడరుకు పోగలిగితే సరే. పోలేకపోతే పైకి ఎక్కాలి. పైకి ఎక్కే దారి ఇరుకైతే ప్లాంటును ఆపమంటారు.

ప్లాంటును ఫీడరులో ఎక్కడ కలపాలన్నదీ పెద్ద విషయమే. ఫీడరు చివర ఉన్న ఊళ్ల కష్టం బోరు రైతులందరికీ తెలుసు. వోల్టేజీ రాదు, మోటారు మూలుగుతుంది, వైండింగు కాలిపోతుంది. తీగ పొడవునా కరెంటు వేడిగా మారి ఖర్చవుతూ పోవడమే దానికి కారణం. ప్లాంటు ఆ చివరన పడితే పగటి పూట వోల్టేజీ నిలబడుతుంది, దారిలో నష్టం తగ్గుతుంది. కానీ చివరి తీగ సన్నగా ఉంటుంది. దాని మీద పెద్ద ప్లాంటు పెట్టి, ఆ సమయానికి మోటార్లు ఆగి ఉంటే వోల్టేజీ హద్దు దాటి పైకి లేస్తుంది, ఇళ్లలో బల్బులు మాడతాయి. కాబట్టి ఒక మెగావాటు ఎక్కడ పెట్టినా ఒక మెగావాటే అనడానికి లేదు. కేంద్రం 2019లో ప్రారంభించిన కుసుమ్ పథకం కింద రైతులు తమ బీడు నేలలో అర మెగావాటు నుంచి రెండు మెగావాట్ల దాకా ప్లాంట్లు పెట్టుకోవచ్చు. సబ్‌స్టేషన్‌కు వీలైనంతవరకు ఐదు కిలోమీటర్ల లోపు ఉండాలని అందులో రాసింది దారిలో ఈ నష్టం తగ్గడానికే. నా దృష్టిలో ఆ పథకంలో అన్నిటికన్నా తెలివైన వాక్యం అదే.

ఇప్పుడు భీమవరం వైపు వెళ్దాం. కొల్లేరు చుట్టూ, పశ్చిమ డెల్టా అంతటా చేపల చెరువులు, రొయ్యల చెరువులు. కరెంటు వాడకంలో తక్కువ తినలేదు. ఎండా పుష్కలమే. పటం చూసిన వాడికి ఇంతకన్నా మంచి చోటు కనబడదు. కానీ రొయ్య రైతును అడగండి, నీటికి గాలి కొట్టే ఏరేటర్లు ఎప్పుడు తిప్పుతారని. రాత్రి పదకొండు తర్వాత, తెల్లవారుజామున మూడింటికి, నాలుగింటికి. పగలు చెరువులోని నాచు, పచ్చటి సూక్ష్మ జీవులు ఎండ తాగి నీటికి ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రయితే అవే ఆక్సిజన్ పీల్చుకుంటాయి. తెల్లవారే వేళకు నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు తేలతాయి. ఒక్క గంట కరెంటు పోతే పంట పోయినట్టే కాబట్టి ప్రతి చెరువు గట్టు మీదా డీజిల్ జనరేటరు సిద్ధంగా ఉంటుంది. సూర్యుడు దండిగా ఉన్నప్పుడు చెరువుకు గాలి కొట్టే పని తక్కువ, గాలి కొట్టవలసినప్పుడు సూర్యుడు లేడు. మబ్బు పట్టిన రోజున మరీ విచిత్రం. నాచు పని చేయదు, పలకా పని చేయదు.

అంటే ఆక్వా ప్రాంతంలో సౌర విద్యుత్తు వద్దని కాదు. ఐసు ఫ్యాక్టరీలున్నాయి, రొయ్యలు శుద్ధి చేసే ప్లాంట్లున్నాయి, నీళ్లు తోడే మోటార్లున్నాయి. వాటిని పగటి పూట నడుపుకోవచ్చు. వాటి లెక్క వేరు, ఏరేటర్ల లెక్క వేరు. ఏరేటర్లకు పలకలతో పాటు బ్యాటరీ ఖరీదు కూడా కలపాలి. అప్పుడు దాన్ని పోల్చవలసింది రాయితీ మీద వచ్చే కరెంటు ధరతో కాదు, జనరేటరులో పోసే డీజిల్ ధరతో. ఇలా పోల్చి చూసే నివేదికలు అరుదు.

దీనికి ఎదురు ఉదాహరణ గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు. రాత్రింబగళ్లు చల్లగా ఉండాలి కాబట్టి రాత్రింబగళ్లు కరెంటు కావాలని పైకి అనిపిస్తుంది. కానీ వేల బస్తాల మిర్చి, మందపాటి గోడలు ఒకసారి చల్లబడితే ఆ చలి కొన్ని గంటలు నిలుస్తుంది. మధ్యాహ్నం పలకల కరెంటుతో ఒకటి రెండు డిగ్రీలు అదనంగా చల్లబరిచి, సాయంత్రం అందరికీ కరెంటు కావలసిన వేళ కంప్రెసర్లను నెమ్మదిగా నడుపుకోవచ్చు. అక్కడ చల్లదనమే బ్యాటరీ. భీమవరంలోనూ గుంటూరులోనూ పడే ఎండ ఒకటే. రొయ్య రాత్రి మేల్కొంటుంది, మిర్చి నిద్రపోతుంది, అంతే తేడా.

ఇక ఇళ్ల పైకప్పులు. పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చాక ఊళ్లలో కూడా ఈ మాట వినబడుతోంది. దేశంలో కోటి ఇళ్లు లక్ష్యం, మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ. కిలోవాటుకు పది చదరపు మీటర్లు, అంటే వంద చదరపు అడుగుల పైచిలుకు జాగా కావాలి. ఉపగ్రహం తీసిన బొమ్మలో పైకప్పులన్నీ కూడి, పదితో భాగిస్తే మండలానికి ఇన్ని మెగావాట్లని తేలుతుంది. నేల మీదికి దిగితే ఆ సంఖ్య కరిగిపోవడం మొదలవుతుంది. రేకుల ఇళ్లు, పెంకుటిళ్లు చాలావరకు పలకల బరువు మోయలేవు. డాబా ఉన్న ఇంట్లో దక్షిణం వైపు నీళ్ల ట్యాంకు కూర్చుని ఉంటుంది. కోనసీమలో కొబ్బరిచెట్టు నీడ పడని డాబా వెతుక్కోవాలి. ఒక పలక మీద నీడ పడితే దానితో వరసగా కలిపిన మిగతా పలకలూ నీరసిస్తాయి. పట్నాల్లో డాబా యజమానిది, కరెంటు బిల్లు అద్దెకున్న వాళ్లది. యజమానికి పెట్టుబడి పెట్టాలని ఉండదు, అద్దెకున్న వారికి హక్కు ఉండదు. అపార్టుమెంటులో డాబా అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. తెలంగాణ పల్లెల్లో కోతుల బెడద ఒకటి. గుంపుగా వచ్చి పలకల మీద దూకే కోతులను ఏ ఉపగ్రహ చిత్రమూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇల్లు బాగుండి, డాబా ఖాళీగా ఉన్నా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 25 కేవీఏది కావచ్చు, 63ది కావచ్చు, 100ది కావచ్చు. ఆ వీధిలో మధ్యాహ్నం జనం పనుల మీద బయట ఉంటారు, వాడకం ఉండదు. ఇరవై ఇళ్ల కరెంటూ ఒకేసారి వెనక్కి తోసుకొస్తే ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకోలేదు. మొదట దరఖాస్తు పెట్టిన వారికి దొరుకుతుంది, ఆలస్యమైన వారిని ట్రాన్స్‌ఫార్మర్ మార్చే దాకా ఆగమంటారు. అలా మొదట పెట్టేవాళ్లు సాధారణంగా ఆ వీధిలో కాస్త ఉన్నవాళ్లే.

తీర ప్రాంతం వాళ్లకు ఒక మాట విడిగా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకాక రోజుల తరబడి నగరం చీకట్లో ఉంది. డాబా మీద పలకలుంటే అలాంటప్పుడు మన ఇంట్లో దీపం వెలుగుతుందని చాలామంది నమ్మకం. వెలగదు. లైన్లో కరెంటు పోగానే మామూలు ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోతుంది. తెగిన తీగను బాగుచేస్తున్న లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు తగలకూడదు కదా, అందుకని అలా తయారు చేస్తారు. తుపానులో వెలుగు కావాలంటే బ్యాటరీ ఉన్న ఏర్పాటు వేరే చేసుకోవాలి. ఒక్కో ఇంటికీ కాకపోయినా తుపాను షెల్టరు, ఆసుపత్రి, మంచినీటి ట్యాంకు మోటారు, సెల్ టవరు, ఈ నాలుగింటికైనా తీర మండలాల్లో ఆ ఏర్పాటు ఉండాలి. ప్రాంతీయ అంచనా వేసేవాళ్లు దీన్ని మెగావాట్లలో కొలవలేరు. అందుకే వదిలేస్తారు. వదిలేయకూడనిది అదే.

ఊకతో కరెంటు తీసిన కథ కొంత పాతది. అయినా చెప్పుకోవాలి, ఎందుకంటే అంచనా వేయడంలో మనం నేర్చుకోవలసిన పాఠాల్లో ఖరీదైనది అదే. రెండు వేల సంవత్సరం తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ వ్యర్థాలతో నడిచే విద్యుత్ ప్లాంట్లు చాలా వచ్చాయి. చాలావరకు ఆరు మెగావాట్ల స్థాయివి. వడ్లలో ఐదో వంతు ఊక ఉంటుంది. ఒక యూనిట్ కరెంటుకు కేజీంబావు, కేజీన్నర ఊక కాలుతుంది. అంటే ఆరు మెగావాట్ల ప్లాంటు ఇరవై నాలుగు గంటలు నడవాలంటే రోజుకు 190 టన్నుల ఊక. రోజుకు దాదాపు వెయ్యి టన్నుల వడ్లు మరపడితే వచ్చే ఊక అది. జిల్లాలో ఇన్ని లక్షల టన్నుల వడ్లు పండుతున్నాయి కాబట్టి ఇంత ఊక ఉందని కాగితం చెప్పింది. ఆ ఊకను బాయిల్డ్ రైస్ మిల్లులు తమ బాయిలర్లలోనే తగలబెట్టుకుంటాయని, ఇటుక బట్టీల వాళ్లు కొంటారని, కోళ్ల ఫారాల్లో కింద పరుస్తారని కాగితానికి తెలియదు. ప్లాంటు రాకముందు దాదాపు ఉచితంగా పోయే ఊకకు ప్లాంటు వచ్చాక ధర వచ్చింది. పక్క మండలంలో ఇంకో ప్లాంటు వచ్చాక ఆ ధర పెరిగింది. కరెంటు అమ్మే రేటు మాత్రం ఒప్పందంలో రాసిందే. కొన్ని ప్లాంట్లు ఊక దొరక్క సర్కారు తుమ్మ కొట్టి కాల్చాయి, కొన్ని మూతపడ్డాయి.

పత్తి కట్టె, కంది కట్టె లెక్కలూ ఇలాగే. ఆదిలాబాద్‌లో పత్తి కట్టె చేలల్లోనే కాల్చేస్తారన్నది నిజమే. కానీ బండికెత్తితే ఆకారమే తప్ప బరువుండని సరుకు అది, ముప్పై కిలోమీటర్లు మోసేసరికి కూలీ, కిరాయి దాని విలువను మింగేస్తాయి. కంది కట్టె అయితే ఇంకా ఎంతోమంది ఇంట్లో పొయ్యిలోకి పోతుంది. వ్యర్థం అని రాసుకునే ముందు అది ఎవరి పొయ్యిలో కట్టెనో చూసుకోవాలి. బంజరు మాట కూడా అంతే. రికార్డులో బంజరు, పోరంబోకు అని ఉన్న నేలలో గొర్రెలు మేస్తుంటాయి. గొల్ల కురుమల మందలకు ఆ నేల ఏడాదిలో ఏ నెలల్లో ఆధారమో రెవెన్యూ పటంలో ఉండదు. ఒక చోట ఐదు వేల ఎకరాలు కంచె వేయడం కన్నా వెయ్యి చోట్ల ఐదేసి ఎకరాలు తీసుకోవడం మేలే, అయితే ఆ ఐదెకరాలు మంద నీళ్లకు వెళ్లే దారికి అడ్డం పడకూడదు.

నీళ్ల సంగతి క్లుప్తంగా. రామగుండంలో 100 మెగావాట్లు, సింహాద్రిలో 25 మెగావాట్లు, విశాఖ ముడసర్లోవలో రెండు మెగావాట్లు నీటి మీద తేలే పలకలతో నడుస్తున్నాయి. అవన్నీ ఏడాది పొడవునా నీళ్లుండే జలాశయాలు. తెలంగాణలో 46 వేల పైచిలుకు చెరువులున్నాయి కదా అని వాటితో గుణిస్తే కుదరదు. ఎండాకాలంలో ఎన్నో చెరువులు అడుగంటుతాయి, చేపల మీద మత్స్యకారుల సంఘాలకు హక్కులుంటాయి. కాలువల మీద చిన్న జల విద్యుత్ కేంద్రాలు కాకతీయ కాలువ మీద పెద్దపల్లి ప్రాంతంలో, పాలేరులో, నిడదవోలు దగ్గర చెట్టిపేటలో ఉన్నాయి. అవి వరికి నీళ్లు వదిలినప్పుడు తిరుగుతాయి, తూము దించితే ఆగుతాయి. అక్కడ యజమాని వరి.

కొండల్లో లెక్క మారిపోతుంది. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి, ఆ తర్వాత సీలేరులో, తూర్పు కనుమల నీళ్లతో కరెంటు తీసి మైదానానికి పంపుతున్నాం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండ మీద ఇరవై ఇళ్ల గూడేనికి స్తంభాలు మోసుకెళ్లడం మాత్రం నేటికీ కష్టమే. అలాంటి చోట ఒక గెడ్డ, అంటే కొండవాగు, చాలు. సెకనుకు యాభై లీటర్ల నీరు నలభై మీటర్ల ఎత్తు నుంచి గొట్టంలో దిగితే సుమారు పన్నెండు కిలోవాట్లు వస్తాయి. ఇరవై ఇళ్లకు దీపాలు, ఫ్యాన్లు, ఒక పిండిమర, పసుపు మిరియాలు ఆరబెట్టే యంత్రం, అన్నీ నడుస్తాయి. ఈ గెడ్డలు ఏ జాతీయ పట్టికలోనూ కనిపించవు, అంత చిన్నవి. కొలవడానికి పెద్ద పరికరాలూ అక్కర్లేదు, నీటి వేగం చూడడానికి తేలే ఒక పుల్ల, టేపు, గడియారం, ఎత్తు చూడడానికి ఒక నీళ్ల గొట్టం సరిపోతాయి. కొలవవలసింది మాత్రం అక్టోబరులో కాదు, ఏప్రిల్‌లో. వానలు వెలిసిన కొత్తలో వెళ్లి ఉప్పొంగే గెడ్డను చూసి కట్టిన యంత్రం శివరాత్రి దాటాక నోరు తెరుస్తుంది. ఏ వేసవిలో గెడ్డ ఎక్కడిదాకా ఎండిందో గూడెంలో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. వాళ్లను అడగకుండా వేసిన అంచనా మీద నాకు నమ్మకం లేదు.

చివరగా డబ్బు సంగతి. తెలంగాణలో మహిళా సంఘాలకు సౌర ప్లాంట్లు అప్పగించాలని ప్రభుత్వం నిర్ణయించింది, రెండు రాష్ట్రాల్లోనూ కుసుమ్ కింద రైతులు ముందుకొస్తున్నారు. యూనిట్‌కు మూడు రూపాయల పైచిలుకు ధర అనుకుంటే, ఒక మెగావాటు ప్లాంటుకు ఏడాదికి యాభై లక్షల దాకా రాబడి. పెట్టుబడి నాలుగు కోట్లకు అటూ ఇటూ. బ్యాంకు వాయిదా, పలకలు కడిగే మనిషి జీతం, వేసవిలో ఆ కడుగుడుకు నీళ్ల ట్యాంకరు, ఇన్వర్టరు మరమ్మతు, ఇవన్నీ పోను మిగిలేది పలచగా ఉంటుంది. ఆ పలచటి మిగులు దేని మీద ఆధారపడి ఉందో చాలామంది చూసుకోరు. పగటి పూట 11 కేవీ లైను బతికి ఉండడం మీద. లైను పోతే ప్లాంటు కూడా ఆగుతుంది, డాబా మీది ఇన్వర్టరు ఆగినట్టే. చెట్టు కొమ్మ పడి రెండు గంటలు, మరమ్మతుకని మూడు గంటలు, ఇలా ఎండ ఉన్న వేళ పోయిన ప్రతి గంటకూ ఒక మెగావాటు ప్లాంటు నడిమధ్యాహ్నం రెండు వేల రూపాయలకు పైగా పోగొట్టుకుంటుంది. ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారో ఒప్పందంలో ఏ పేజీలో రాశారో సంతకానికి ముందే వెతకండి.

మీ ఊళ్లో ఎవరైనా ఐదెకరాలు చూపించి, పలకల కంపెనీ వాళ్లు ఇచ్చిన రంగుల కాగితం చూపించి మంచి లాభం అంటే, ముందు వాళ్లను సబ్‌స్టేషన్‌కు తీసుకెళ్లండి. కిందటి ఏడాది ఆ ఫీడరు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు మధ్య మొత్తం ఎన్ని గంటలు ఆగిందో లాగ్ బుక్కులో ఉంటుంది. నెలవారీగా రాసుకోండి. ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల గాలిదుమారాల రోజులు. లైన్‌మన్ గారిని కూడా అడగండి, పుస్తకంలోకి ఎక్కని గంటలు ఆయనకు గుర్తుంటాయి. ఆ సంఖ్యను రంగుల కాగితంలోని ఉత్పత్తి లోంచి తీసేశాక బ్యాంకుకు వెళ్లండి.